అద్దం విరిగిన పక్క

సావుకారి కొత్త చీరల అంగడి ముందరి అద్దం పగిలిన రోజు నేను కదిరిలోనే ఉన్నాను. ఎండాకాలం సెలవులు. బడి ఉండుంటే ఆ సంగతి నాకు ఫోన్లో తెలిసేది. నేను నాలుగు ఓదార్పు మాటలు చెప్పి పెట్టేసేదాన్ని. మా నాయన పని మానేసి ఇంట్లో కూర్చునేవాడు. వెంట్రుకవాసిలో తప్పిపోయిన ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయమేస్తుంది.

మా నాయనది అద్దాల అంగడి. కిటికీలకు, బీరువాలకు, పటాలకు అద్దాలు కోసి బిగిస్తాడు. నేను వేరే ఊరి హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతాను. ఊళ్లో అందరూ టీచరమ్మా అంటారు, నాయన మాత్రం నాకు నలభై దాటినా పాపా అనే పిలుస్తాడు. నాకు కోపం ఎక్కువ, నోరు ఇంకా ఎక్కువ. రెండూ ఆయన నుంచే వచ్చాయని మా అమ్మ అంటుంది, మేమిద్దరం ఒప్పుకోం.

అద్దాన్ని కోయడం అంటాం గానీ అక్కడ జరిగేది గీత గీసి విరవడం. బల్ల మీద గోనెపట్టా పరిచి అద్దం పెడతాడు. కట్టర్ చక్రాన్ని కిరసనాయిల్లో ముంచి, కొయ్య స్కేలు ఆనించి, ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క ఊపులో లాగుతాడు. కీచుమని సన్నటి చప్పుడు. కింద నుంచి చిన్నగా తట్టి, రెండు చేతులతో వంచితే అద్దం ఆ గీత వెంబడి విడిపోతుంది. గీసిన గీత మీద రెండోసారి కట్టర్ పెట్టడం ఆయన దృష్టిలో పెద్ద తప్పు. అట్లా చేసే కోతగాళ్ల గురించి ఆయన మాట్లాడే మాటలు నేనిక్కడ రాయలేను.

రెండేళ్లుగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. టీ గ్లాసు పట్టుకుంటే సగం చొక్కా మీదే పోతుంది. అదేం చిత్రమో, కట్టర్ పట్టి అద్దం మీద ఆనించగానే వణుకు ఆగిపోతుంది. డాక్టరు కూడా సరిగ్గా కారణం చెప్పలేదు. బజార్లో జనం చూసేది టీ తాగేటప్పుడే కాబట్టి, ఆయన పని అయిపోయిందనే మాట అప్పటికే చెవిన పడుతూ ఉండేది.

అట్లాంటి సమయంలో సావుకారి పని వచ్చింది. అంగడి ముందు మనిషెత్తు కంటే పెద్ద అద్దం. గట్టిపరిచిన అద్దం, అదే టఫెన్డ్ గ్లాసు, బెంగళూరు నుంచి రావాలంటే ఆలస్యమవుతుందని, ముహూర్తానికి అందదని, మామూలు అద్దమే మందంగా ఉండేది వేయమన్నాడు. నాయన దాన్ని కోసిన రోజు నేనూ ఒక మూల పట్టుకుని నిలబడ్డాను. బిగించిన తర్వాత ఎదురుగా ఉన్న టీ అంగడివాళ్లు, ఆటోవాళ్లు అందరూ వచ్చి చూశారు. చూసినవాళ్లంతా అబ్బా అన్నారు. అంతమంది కళ్లు పడేసరికి సావుకారి తల్లి భయపడి, చేటంత దిష్టిబొమ్మ స్టిక్కరు ప్రింటు చేయించి అద్దం పైభాగాన అంటింపజేసింది. నల్లటి మొహం, ఎర్రటి నాలుక, గుండ్రటి గుడ్లు. నాకైతే చూడగానే నవ్వొచ్చింది.

నాలుగో రోజు సాయంత్రం నాలుగు గంటలకు ఆ అద్దం పగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సావుకారి మా అంగడికి నడిచొచ్చాడు. నాయన కంటే చిన్నవాడు, చెడ్డవాడేం కాదు, కానీ మనసులో ఉన్నది మొహం మీదే అనేస్తాడు.

"ఏమన్నా, అద్దం పగిలిపాయ గదా. ఎవురూ రాయేసింది లేదు, ఎవురూ తగిలింది లేదు. దానంతట అదే పటేల్మని పగిలిపాయ."

"అదెట్లప్పా?" అన్నాడు నాయన.

"ఎట్లేముంది, నీ చెయ్యి పోయింది అన్నా. వయసైపాయ. ఈసారి ధర్మవరం నుంచి ఎవుర్నన్నా పిలిపిచ్చుకుంటా, నువ్వేమీ అనుకోవద్దు."

నాయన తిరిగి నాలుగు తిడతాడని నేను చీర కుచ్చెళ్లు సర్దుకుని సిద్ధంగా నిలబడ్డాను, ఐదో తిట్టు నాది కాబట్టి. ఆయన తల వంచుకుని "కానీలేప్పా" అన్నాడు. అంతే. మా నాయన అట్లా మాట్లాడడం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

ఇంటికొచ్చి అమ్మతో, "ఇంగ నేను కట్టర్ ముట్టను. అంగడి మూసేస్తా" అన్నాడు. నేను గొడవ పెట్టుకున్నాను. అప్పుడు ఆయన అసలు సంగతి చెప్పాడు.

"పై అంచు కోసేటప్పుడు నా చెయ్యి ఆగింది పాపా. రెప్పపాటంతే. మీకెవురికీ తెల్లేదు, నాకు తెలిసింది. ఆడ అంచు దెబ్బతిని ఉంటాది. ఆన్నుంచే పగిలింటాది. సావుకారి చెప్పింది నిజమే."

అంటే సావుకారి ఆ మాట అనకముందే ఆయన తన మీద తాను తీర్పు చెప్పేసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, వెంటనే కోపమొచ్చింది, ఆ వెనకాలే ఒక ప్రశ్న వచ్చింది. ఆ అద్దం నిజంగా ఎక్కడి నుంచి పగిలింది? ఆ ప్రశ్న రాగానే నా ఏడుపు ఎటు పోయిందో తెలియదు. ఎందుకంటే ఆ సంగతి కనుక్కోవచ్చు!

ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఒక మేడం పగిలిన బీకరు ముక్కను భూతద్దం కింద పెట్టి నాకు చూపించింది. అప్పటి నుంచీ నాకీ పిచ్చి పట్టుకుంది. మా బడిలో ఏ గాజు సామాను పగిలినా ముక్కలు నా టేబులు సొరుగులోకి చేరుతాయి. అద్దం పగిలిందంటే అందరూ ముక్కల పైభాగం చూస్తారు. చూడాల్సింది పక్క, అంటే మందం వైపు కొత్తగా విరిగిన ముఖం. దాని మీద పగులు నడిచిన జాడ మొత్తం ఉంటుంది. పగులు మొదట నెమ్మదిగా, బుద్ధిగా నడుస్తుంది కాబట్టి మొదలైన చోట ముఖం నున్నగా, అర్ధచంద్రాకారంలో మెరుస్తుంది. పుస్తకాల్లో దీన్ని మిర్రర్ అంటారు, అద్దంలోనే ఇంకో అద్దం. వేగం పుంజుకునేకొద్దీ పగులు కుదురుగా ఉండలేదు. అర్ధచంద్రం చుట్టూ మంచు పట్టినట్టు సన్నటి మసక వస్తుంది. ఆ మసక దాటితే దుక్కి దున్నినట్టు గరుకు చాళ్లు. చివరికి ఒక్క దారి చాలక పగులు రెండుగా, నాలుగుగా చీలి పరుగెత్తుతుంది. ఇదంతా మనం కన్నార్పేలోపే అయిపోతుంది, అయినా ప్రతి అడుగూ అక్కడ అచ్చుపడి ఉంటుంది. దీన్ని చూసి ఒళ్లు పులకరించనివాళ్లు ఎందుకు బతుకుతున్నారో నాకు అర్థం కాదు.

మా నాయనకు కావలసిన జవాబు ఆ అర్ధచంద్రం సైజులో ఉంది. అది పెద్దదైతే అద్దం కొద్దిపాటి బలానికే విరిగిందని అర్థం, అంటే అంచులో లోపం ఉన్నట్టే, కోసిన చెయ్యి తప్పు చేసినట్టే. చిన్నదైతే అద్దం చాలా బలాన్ని ఓర్చుకుని, ఇక కాదన్నప్పుడే విరిగిందని. నాకు కావలసింది ఆ ఒక్క ముక్క.

ఆ ముక్క కోసం పోతే సావుకారి అంగట్లో ఒక్క పెంకు కూడా లేదు. పగిలిన అద్దం పొద్దుగూకేలోపు గడప దాటాలని సావుకారి తల్లి పట్టుబట్టి, గోతాల్లో నింపించి ఊరి బయట వంకలో పారబోయించిందట. మర్నాడు తెల్లవారగానే నేను అమ్మను స్కూటీ వెనక ఎక్కించుకుని వంక దగ్గరికి పోయాను. నీళ్లు పారి ఎన్నేళ్లైందో ఆ వంకలో. ఇసుక, కంపచెట్లు, పలుగురాళ్లు, ఊరి చెత్త. తోలు చేతితొడుగులు వేసుకుని ముక్కలు ఏరుతున్నాం.

"నలుగురు చూస్తే ఏమనుకుంటారే, టీచరమ్మ చెత్త ఏరుకుంటాందని" అంది అమ్మ.

"నువ్వు ఎడంపక్క ఏరు, నేను కుడిపక్క ఏరతా. మాట్లాడకు."

అట్లా ఏరుతూ విరిగిన పలుగురాయి ఒకటి చేతిలోకి తీసుకున్నాను. దాని మీదా వంపు గీతలు! అద్దం ముక్క మీద ఉన్నట్టే, నీళ్లలో రాయి వేస్తే లేచే అలల మాదిరి, ఒకదాని వెనక ఒకటి. రాయికీ గాజుకూ విరిగే పద్ధతి ఒక్కటే. పుస్తకంలో చదివాను గానీ, రెండు చేతుల్లో రెంటినీ పట్టుకుని ఎండలో తిప్పి చూడడం అదే మొదలు. నేను వంకలో ఎగిరి గంతేశాను. అమ్మ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, వడదెబ్బేమోనని.

మా పెరట్లో గోనెపట్టాలు పరిచి ముక్కల్ని నేల మీద మళ్లీ అద్దంగా పేర్చడం మొదలుపెట్టాను. రెండు పూటలు పట్టింది. వాచీలు రిపేరు చేసే అన్న దగ్గర కంటికి తగిలించుకునే భూతద్దం అడిగి తెచ్చుకున్నాను. ఫోన్ టార్చిని ఏటవాలుగా పెట్టి ఒక్కో ముక్క పక్కను చూశాను. ఆ వంపు గీతల కడుపు ఎటు ఉబ్బి ఉంటే పగులు అటు పోయినట్టు. దానికి ఎదురు దిక్కున వెనక్కి నడిస్తే మొదలు దొరుకుతుంది. చూసిన ప్రతి ముక్క మీదా మొదలు వైపు చూపేలా సుద్దముక్కతో బాణం గుర్తు వేశాను. అడుగు నుంచి, ఎడమ నుంచి, కుడి నుంచి బాణాలన్నీ పైకే చూపించాయి. పై అంచు వైపే. నాయన వసారాలో కూర్చుని అటే చూస్తూ, నేను తల ఎత్తగానే మొహం తిప్పుకునేవాడు.

బాణాలన్నీ కలిసిన చోట చేటంత ఖాళీ. అక్కడి ముక్కలే లేవు! వంకలో ఒక్క పెంకు కూడా వదల్లేదని నాకు గట్టి నమ్మకం. అయితే ఏమైనట్టు? పెరట్లో అటూ ఇటూ తిరిగాను. చేటంత అని నాకు నేనే రెండుసార్లు అనుకున్నాక తట్టింది. దిష్టిబొమ్మ!

పరుగున సావుకారి అంగడికి పోయాను. తల్లి గల్లాపెట్టె పక్కన కుర్చీలో కూర్చుని ఉంది.

"అవ్వా, బొమ్మ అంటిచ్చిన ముక్క యాడుండాది?"

"లోపల పెట్టినా టీచరమ్మా. దిష్టిబొమ్మను పారేస్తారా యాడన్నా? అది లాక్కున్న దిష్టంతా మళ్ళా మన మిందికే రాదూ?"

వెనక గదిలో, చీరల అట్టపెట్టెల మధ్య గోడకు ఆనించి ఉంది. మొహం నాలుగు చీలికలైనా స్టిక్కరు పట్టుకుని ఉండడం వల్ల ముక్కలు విడిపోలేదు. పై అంచు అట్లాగే ఉంది. చీలికను మెల్లగా కాస్త విప్పి, భూతద్దం కంటికి పెట్టుకుని వంగాను. నల్లటి బొమ్మకు సరిగ్గా పైన, అంచులో, నున్నటి అర్ధచంద్రం. ఉలవగింజలో సగం ఉంటుంది, అంతే. దాని చుట్టూ మసక, ఆ తర్వాత చాళ్లే చాళ్లు. ఆ అద్దం అంత సులువుగా విరగలేదు! నేను గట్టిగానే అరిచినట్టున్నాను, సావుకారి బేరం వదిలేసి లోపలికి వచ్చాడు.

మరి అంత బలం ఎక్కడి నుంచి వచ్చినట్టు? అది కూడా నా ముందే నిలబడి నాలుక చాపుతోంది. పడమటి ముఖం అంగడి. మధ్యాహ్నం నుంచి ఎండ నేరుగా అద్దం మీదికి. ఉత్త అద్దంలోంచి ఎండ చాలావరకు దాటి పోతుంది, నల్లటి బొమ్మ దాన్నంతా తాగేస్తుంది. పై అంచేమో అంగడి బోర్డు చాటున ఫ్రేములో దాక్కుని ఉంది, లోపల సరిగ్గా దాని పక్కనే ఏసీ చల్లగాలి కొడుతోంది. బొమ్మ ఉన్న చోట అద్దం కాలి సాగుతుంటే చల్లటి అంచు సాగనంటుంది. ఆ లాగుడుకు అంచు చీలింది.

ఇదంతా చెబితే సావుకారి నమ్మలేదు. ఆ ముక్కను బయట ఎండలో పెట్టించాను. పావుగంట తర్వాత అవ్వను పిలిచి బొమ్మ మీద ఒక చెయ్యి, పక్కన ఉత్త అద్దం మీద ఒక చెయ్యి పెట్టమన్నాను. బొమ్మ మీద పెట్టిన చెయ్యి చటుక్కున తీసేసింది.

"అబ్బా, పెనం మాదిరి కాల్తాండాది!"

సావుకారి తల గోక్కున్నాడు. "దిష్టి తగిలి పగిలిందంటే నమ్ముతా టీచరమ్మా. దిష్టిబొమ్మే పగలగొట్టిందంటే ఎట్ల నమ్మేది? అయినా చెయ్యి బాగలేకనే అంచు చీలిందేమో, నీకెట్ల తెలుసు?"

కోపమొచ్చినా, అడిగింది సరైన ప్రశ్నే. నవ్వాపుకుంటూ అవ్వ స్టిక్కరును జాగ్రత్తగా ఒలిచి తన దగ్గర పెట్టుకుంది, గాజు నాకిచ్చింది.

ఇంటికొచ్చి ఆ గాజును నాయన ముందు పెట్టి అంతా చెప్పాను. ఆయన భూతద్దం ముట్టుకోలేదు. "నువ్వు నా కూతురివి. నాకు బాగుండేదే చెప్తావు" అన్నాడు.

"సరే, నా మాట నమ్మద్దు. అదే అద్దంలో మిగిలిన తునక ఉండాది గదా. దాంట్లో రెండు పట్టీలు కొయ్యి. ఒకటి బాగా, ఒకటి చెడగొట్టి. రెండూ విరిచి చూద్దాం. నా లెక్క తప్పైతే అంగడికి నేనే తాళం ఏస్తా."

అనేశాను గానీ నాకూ అనుమానమే. ఒకవేళ ఆయన చెయ్యి నిజంగానే పోయుంటే? నా చేత్తో నేనే ఆయనకు రుజువు చూపించినట్టు అవుతుంది. ఆయన లేచాడు. అంగట్లో బల్ల మీద తునక పెట్టి, కట్టర్ ముంచి, ఒక్క ఊపులో లాగాడు. కీచుమంది. నేను ఆ చేతినే చూస్తున్నాను, కదల్లేదు. మంచి పట్టీ అయిపోయింది.

"ఇప్పుడు చెడగొట్టి కొయ్యి నాయనా."

కట్టర్ అద్దం మీద పెట్టి ఆగాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు. "నాకు చాతకాదు పాపా" అన్నాడు, సిగ్గుపడుతూ. "చెడగొట్టి ఎట్ల కోస్తారో తెల్దు. నువ్వు కొయ్యి."

నేను కోశాను. దానికి ప్రత్యేకంగా ఏమీ చెడగొట్టనక్కరలేదు. గీత మీద మూడుసార్లు గీసి, మధ్యలో ఆగి, పక్కకు జారి, ఎలుకలు కొరికినట్టు తయారుచేశాను. నాయన అటు చూడలేక మొహం తిప్పుకున్నాడు.

పెరట్లో రెండు స్టూళ్ల మధ్య నా పట్టీ అడ్డంగా పెట్టి, మధ్యలో గుడ్డతాడుతో బకెట్ వేలాడదీశాం. నాయనను దూరంగా నిలబెట్టి, అమ్మ చెంబుతో ఇసుక పోసింది. బకెట్ సగం కూడా నిండకముందే పట్టీ టక్కుమని రెండు ముక్కలైంది. తర్వాత నాయన పట్టీ. సగం నిండింది. ముప్పావు నిండింది. అంచుదాకా నిండింది, పట్టీ అట్లాగే ఉంది! నేను చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాను. ఇసుక మీద పలుగురాళ్లు పేర్చాం. నాలుగో రాయికి పటేల్మని పగిలి బకెట్ కింద పడింది, ఇసుకంతా అమ్మ కాళ్ల మీద.

నేను ముక్కల కోసం దూకాను. నాది విరిగిన పక్క ఈ కొస నుంచి ఆ కొసదాకా నున్నగా ఉంది, మసక లేదు, చాళ్లు లేవు. ఆయన పట్టీకి అంచులో చిన్న అర్ధచంద్రం, దాని చుట్టూ మసక, ఆ తర్వాత దుక్కి. సావుకారి అంగడి ముక్క తెచ్చి పక్కన పెట్టాను. అక్కాచెల్లెళ్ల మాదిరి ఉన్నాయి రెండూ. ఏమీ చెప్పకుండా భూతద్దం ఆయన చేతికిచ్చాను. ఈసారి తీసుకున్నాడు.

చాలాసేపు చూశాడు. నాది చూశాడు, తనది చూశాడు, సావుకారిది చూశాడు. మళ్లీ మొదటి నుంచి చూశాడు.

"ఇన్నేండ్లు కోసినా, విరిగిన పక్క యా పొద్దూ చూడలే పాపా. విరిగినాక ఏముంటాదిలే అని పారేస్తాంటి." మెల్లగా అడిగాడు. "అయితే ఆ పొద్దు నా చెయ్యి ఆగలేదంటావా?"

ఆయనకు అబద్ధం చెప్పాలనిపించలేదు. "ఆగిందేమో నాయనా. అద్దానికి తెలీలేదు."

ఆయన నవ్వబోయి ఏడ్చాడు. మా నాయన ఏడవడం కూడా నేను ఎప్పుడూ చూడలేదు. నాకు ఉద్యోగం వచ్చిన రోజున కూడా ఇంత సంతోషం లేదు. అమ్మ ఇసుక దులుపుకుంటూ ముగ్గురం పిచ్చోళ్లమైపోయామంది. నాయన కళ్లు తుడుచుకుని, ఫోన్ తీసి సావుకారికి కలిపాడు.

"ఏమప్పా సావుకారీ, ధర్మవరం మనిషికి రావద్దని చెప్పు. రేపు పొద్దున్నే నేను వస్తాండా. మీ యమ్మతో చెప్పు, బొమ్మ పెట్టుకుంటే పెట్టుకోమను, అద్దం మింద వద్దు, బయట స్తంభానికి కట్టమను." అవతల సావుకారి ఏదో అడిగినట్టున్నాడు. నాయన నిటారుగా కూర్చున్నాడు. "నా చెయ్యా? నా చెయ్యి బాగుండాదప్పా."